ఉప్పు పలకతో మంచు దింపిన సోమవారం

ఈ ప్రయాణానికి కారణం కొండల మీద మోజూ కాదు, మంచు మీద మోజూ కాదు. మా ఆయన కిరణ్ మూడు వారాలుగా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఈమెయిల్ తెరవడం, మూయడం తప్ప ఇంకో పని పెట్టుకోలేదు. ఆ మొహం చూస్తూ ఇంట్లో ఉండలేక నేనే బయల్దేరదీశాను. కాబట్టి తర్వాత జరిగినదానికి పూచీ కూడా నాదే.

అది కరోనా వచ్చాక రెండో చలికాలం. మేం ఉండే ఊరు ఎర్లాంగెన్‌లో కిరణ్ పనిచేసే కంపెనీ వాళ్ళు కార్ల సాఫ్ట్‌వేర్ టీమును సగానికి సగం తీసేశారు. జనవరి నెలాఖరుతో అతని పని సరి. జిండెల్ఫింగెన్‌లో ఇంకో కంపెనీ ఫిబ్రవరి ఒకటిన చేరమంది. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాడు అలా ఉద్యోగం మారాలంటే విదేశీయుల ఆఫీసు అనుమతి కావాలి, ఆ అనుమతికి టెర్మిన్, అంటే ముందే ఖాయం చేసిన అపాయింట్‌మెంటు, కావాలి. కరోనా పుణ్యమా అని ఆ ఆఫీసు తలుపులు సగం మూసే ఉన్నాయి. పదహారు ఈమెయిళ్ళు పెట్టాక ఒక సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకి రమ్మని జవాబొచ్చింది. అది తప్పితే మళ్ళీ ఎప్పుడో వాళ్ళకే తెలీదు. కొత్త కంపెనీ ఒకటో తారీఖు దాటి ఆగనంది. నా వీసా అతని వీసాకి తోక. అది ఊడితే నా ఉద్యోగమూ, మా ఇల్లూ అన్నీ మూటగట్టుకోవాల్సిందే.

ఇలాంటప్పుడు బుద్ధున్నవాళ్ళు ఇల్లు కదలరు. కానీ మేం ఎప్పుడో బుక్ చేసుకున్న మోటర్‌హోమ్ ఒకటుంది. లాక్‌డౌన్ల వల్ల రెండుసార్లు వాయిదా పడింది. ఆ నెల దాటితే బుకింగు చెల్లదన్నారు అద్దెకిచ్చేవాళ్ళు. శుక్రవారం వెళ్దాం, సోమవారం పొద్దున ఏడింటికి బయల్దేరితే పదింటికల్లా ఇంట్లో ఉంటాం అన్నాను.

"సోమారం రెండింటికి టెర్మిన్ ఉన్నది, యాదున్నదా?" అన్నాడు కిరణ్. కామారెడ్డి మనిషి. కంగారు పడ్డాడంటే మాట ఇంకా కామారెడ్డి అయిపోతుంది.

"మూడు గంటల దారి. పైన నాలుగు గంటలు చేతిలో ఉంటాయి" అన్నాను. ఆ నాలుగు గంటల్నే నమ్ముకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోర్చ్‌హైమ్‌లో బండి చేతికొచ్చింది. ఏడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల పైన ఎత్తు, లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది. మాస్కులో ఉన్న అబ్బాయి ఇరవై నిమిషాల్లో అన్నీ వప్పజెప్పేశాడు. గ్యాసు ఇక్కడ, నీళ్ళు అక్కడ, హీటరు ఇలా, సంతకం ఇక్కడ. వెనక అరలో మడత కుర్చీల పక్కన మోచెయ్యంత అల్యూమినియం గొట్టం ఒకటి కనిపించింది. అదేమిటని అడుగుదామనుకునేలోపు ఇంకో బేరం వచ్చింది. "కుర్చీది ఏదో పార్టు" అన్నాడు కిరణ్. మీరెప్పుడైనా చలికాలంలో ఇలాంటి బండి తీసుకుంటే ఆ గొట్టం ఏమిటో అడిగి, తెలుసుకుని, అప్పుడు సంతకం పెట్టండి.

స్టీరింగు నాది. కిరణ్ ఇక్కడి లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఎవరైనా అడిగితే ఆ తప్పు కూడా కరోనా మీదకి నెడతాడు. టెర్మిన్‌కి కావలసిన కాగితాలన్నీ ఒక నీలం ఫైల్లో పెట్టి, ఆ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇంట్ల పెడితే ఇల్లు కాలిపోతే?" అన్నాడు. నేను నవ్వాను కానీ, చివరికి ఆ చాదస్తమే మమ్మల్ని గట్టెక్కించింది.

రెండుంపావుకి హైవే ఎక్కాం. రెగెన్స్‌బర్గ్ దాటాక వానా మంచూ కలిసి పడటం మొదలైంది. డెగెన్‌డోర్ఫ్ దగ్గర హైవే దిగి కొండెక్కాలి. అక్కణ్ణించి పైకి రెండు పక్కలా నల్లటి అడవి, కొమ్మల మీద తెల్లగా మంచు. ఐదూ నలభైకి ఆర్బర్ కొండ కింద, చెక్ సరిహద్దుకి దగ్గర్లో ఉన్న క్యాంపింగ్ స్థలానికి చేరాం. టీకా సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు చూపించాక దాని యజమాని ఆలోయిస్ అనే ఆయన మా చోటు చూపించాడు. అరవై దాటిన మనిషి. మాస్కు కింద నుంచి గడ్డం బయటికి పొంగుతోంది. కరెంటుతో కలిపి రాత్రికి ముప్ఫైఆరు యూరోలు. స్నానాల గదిలోకి ఒకసారికి నలుగురే వెళ్ళాలి.

"మంచు బాగా పడుతుందట. పైకప్పు చూసుకుంటూ ఉండండి" అన్నాడు. అలాగేనని ఇద్దరం తలూపాం. దేనికి ఊపామో మాకే తెలీదు.

శనివారం హాయిగా గడిచింది. నాకు తెలియని పండుగేదో ఆ అడవికి వచ్చినట్టనిపించింది. పొద్దున రెండు గంటలు నడిచాం. పన్నెండింటికి ఊళ్ళో కిటికీలోంచి పార్సిలు ఇచ్చే హోటల్లో బంగాళాదుంప సూపు కొనుక్కుని బయట నిలబడి తాగాం. కిరణ్ నెల రోజుల తర్వాత నోరారా నవ్వాడు. నా పంతం నెగ్గిందని లోపల్లోపల పొంగిపోయాను.

మా పక్క బండిలో ఇంగ్రిడ్ అనే ఆవిడ ఉంది. డెబ్బై ఏళ్ళుంటాయి, పోస్టాఫీసులో ఉత్తరాలు పంచి రిటైరైంది. చలికాలమంతా అక్కడే ఉంటుందట. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పొడవాటి కర్ర బ్రష్షుతో తన బండి కప్పు మీద పడ్డ నాలుగు వేళ్ళ మంచునీ తోసేసేది.

"ఈమెకు వేరే పని లేదా ఏంది?" అన్నాడు కిరణ్.

ఇంగ్రిడ్ మా కప్పు వైపు బ్రష్షు చూపించి, "మీదెప్పుడు?" అంది.

"ఉండనివ్వండి. దుప్పటి కప్పినట్టు లోపల వెచ్చగా ఉంటుంది" అన్నాను నేను. ఆవిడ నన్నోసారి ఎగాదిగా చూసి తన పని తాను చేసుకుంది.

ఆదివారం పొద్దుట్నించీ ఆగకుండా కురిసింది. బయటికి వెళ్ళే వీల్లేదు. మనవాళ్ళు నాలుగ్గోడల మధ్య ఇరుక్కుంటే ఏం చేస్తారు, వండుకుంటారు. హీటరు ఇరవై ఆరు మీద పెట్టాం. పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం కుక్కర్లో పప్పు, అన్నం, పక్క పొయ్యి మీద ఉలవచారు, సాయంత్రం ఉడకబెట్టిన శనగలు. కుక్కరు కూతలకి అద్దాలన్నీ చెమటలు పట్టి కారుతున్నాయి. చొక్కా చేతులు మడుచుకుని ఆవకాయ నంజుకుంటూ, బయట గజగజలాడేవాళ్ళని చూసి జాలిపడ్డాం.

సాయంత్రం ఐదూ నలభైకి హీటరు టక్కుమని ఆగింది. ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ వేశాం, మళ్ళీ ఆగింది. పావుగంటలో లోపలి వెచ్చదనం సగానికి దిగింది. సిగ్గు విడిచి ఇంగ్రిడ్ తలుపు తట్టాను.

ఆవిడ వచ్చి చూసి, "హీటరు పొగగొట్టం మంచులో కూరుకుపోయింది. పైకి పెంచే గొట్టం ఇచ్చి ఉంటారే, ఏది?" అంది.

కిరణ్ వెనక అర తెరిచి ఆ 'కుర్చీ పార్టు' తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఇంగ్రిడ్ బండి అంచున ఉన్న పొగగొట్టం చుట్టూ తన కర్రతో మంచు తప్పించి, చిన్న నిచ్చెనెక్కి గొట్టం బిగించింది. హీటరు వెలిగింది. దిగాక మొహమాటం లేకుండా చెప్పింది.

"మీరు లోపల వంట చేస్తూ వేడి పెంచారు. అడుగున ఉన్న మంచు కరిగింది. అంచుల్లో గడ్డ కట్టింది. దాని మీద కొత్తది పడింది. మీ నెత్తి మీద ఇప్పుడు ఐసు పలక ఉంది, దాని మీద తడి మంచు. పొద్దుటికి ఇంకా పెరుగుతుంది."

ఆ గొడవకి ఆలోయిస్ కూడా వచ్చాడు. రేపు ఏడింటికి వెళ్ళాలని చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. "దానితో రోడ్డెక్కకూడదు. పోలీసులు ఆపుతారన్నది తర్వాత మాట. బ్రేకు కొడితే అదంతా జారి మీ అద్దం మీదకొస్తుంది. హైవే మీద లేచిపోతే వెనక కారులో వాళ్ళు చస్తారు. పక్క ఊళ్ళో రైతు దగ్గర మంచు తీసే పెద్ద మిషనుంది, రేపు మధ్యాహ్నం పన్నెండుకి రమ్మంటాను."

పన్నెండుకి వచ్చి, గంటసేపు మంచు తీసి, మూడు గంటలు నడిపితే సాయంత్రం నాలుగు. కిరణ్ నీలం ఫైలు తీసి కాగితాలు వరసగా ఉన్నాయో లేదో చూసుకుని మళ్ళీ మూసేశాడు.

సోమవారం ఐదున్నరకి లేచాం. మంచు ఆగింది. తలుపు తెరవడానికి ఇద్దరం భుజాలు ఆనించాల్సి వచ్చింది. దీపస్తంభం వెలుగులో చూస్తే మా బండి నెత్తిన ఇంకో బండి కూర్చున్నట్టుంది. మోకాలు దాటిన మందం.

ఇంగ్రిడ్ తన బ్రష్షు ఇచ్చింది. ఆలోయిస్ పళ్ళు కోసుకునే రెండు కాళ్ళ నిచ్చెన తెచ్చాడు. పైకెక్కుతానన్నాడు కిరణ్. ఆలోయిస్ ఒప్పుకోలేదు. "కప్పుకి నాలుగు ప్లాస్టిక్ కిటికీలుంటాయి. ఎక్కడున్నాయో కనిపించవు. కాలు పడిందంటే లోపలికే." తన ఇనుప పార కూడా ఇవ్వనన్నాడు, అంచు తగిలితే ఆ కిటికీలు చీలిపోతాయట. కిరణ్ నిచ్చెన మీంచే బ్రష్షుతో బలమంతా పెట్టి తోశాడు. మొదటిసారి కర్ర వంగింది. మూడోసారి బ్రష్షు తల ఊడి మంచులోనే ఉండిపోయింది. ఆరూ ఇరవై అయింది.

"అయిపాయె" అంటూ దిగి మెట్టు మీద కూర్చున్నాడు. "టెర్మిన్ పోయినట్టే. పోనీ తియ్ మణీ, ఏం జేస్తం."

నన్నొక్క మాట అనలేదు. అనుంటే పోట్లాడి ఉండేదాన్ని. అలా అనకుండా కూర్చునేసరికి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈ మనిషిని ఇంట్లోంచి లాక్కొచ్చింది నేను. మంచు దుప్పటి అని వెక్కిరించింది నేను. కళ్ళు తుడుచుకుని బండి వైపు చూశాను. దీపం కింద ఆ తెల్లటి కుప్ప, అంచున గరుగ్గా మెరుస్తున్న మంచు పలుకులు. నాకు మా నాన్న గొంతు వినిపించింది. మడిని గోకకూడదే మణీ, ఉప్పునే లాగాలి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాది ప్రకాశం జిల్లాలో సముద్రం పక్క ఊరు. అమ్మా నాన్నా ఉప్పు మడుల్లో పనిచేసేవారు. పదో తరగతి దాకా వేసవి సెలవులన్నీ నేనూ అక్కడే. నీళ్ళు ఎండి ఉప్పు కట్టాక, పొడవాటి కర్రకి అడ్డంగా బిగించిన చెక్క పలకతో దాన్ని ఒడ్డుకి లాగాలి. తోస్తే ముద్దలై ఆగిపోతుంది. లాగాలి, అదీ అంచు నుంచి మొదలుపెట్టి పొరలు పొరలుగా. పలక అడుగుమట్టిని తాకితే ఉప్పు మురికవుతుంది, అందుకని అడుగున సన్నటి పొర ఉంచేయాలి. ఎంత మిగిలిందో కర్రలోంచి చేతికి తెలుస్తుంది. హైదరాబాదులో ఉద్యోగానికి వచ్చాక ఈ మాట ఎవరికీ చెప్పలేదు. కిరణ్ పరిచయమైంది అక్కడే. పెళ్ళి మాటలప్పుడు మాది ఉప్పు వ్యాపారమని చెప్పాం. ఆరేళ్ళుగా ఆ వ్యాపారం అలాగే నడుస్తోంది.

"ఆలోయిస్, నాకో చెక్క పలక కావాలి, ఇంత పొడుగు. ఒక పొడవాటి కర్ర. నాలుగు స్క్రూలు" అన్నాను.

"ఏం చేస్తారు?"

"లాగుతాను."

ఆయన నా మొహంలో ఏం చూశాడో, మారు మాట్లాడకుండా షెడ్డుకి తీసుకెళ్ళాడు. గోడకి వాళ్ళ తాత గడ్డి లాగిన కొయ్య దంతె వేలాడుతోంది. ఒక్క క్షణం తటపటాయించి దాన్ని దించాడు. దాని పళ్ళకి మంచం పలక ఒకటి అడ్డంగా బిగించాం. అంచు గరుకు తగలకుండా మెత్తటి గుడ్డ చుట్టాలి. లోపలికెళ్ళి చేతికందింది తెచ్చాను.

"అది నా లుంగీ!" అన్నాడు కిరణ్.

"నీ టెర్మిన్‌కే" అన్నాను.

ఆరూ నలభై ఐదుకి నిచ్చెన ఎక్కాను. మొదట పలకని నిలువుగా దించి అంచు మంచుకి గాట్లు పెట్టాను. తర్వాత పైపొర మీద పలక వేసి నా వైపుకి లాగాను. బుట్టెడు మంచు నా భుజం పక్కనుంచి జారి ధబ్బున కింద పడింది. ఇంకోసారి, ఇంకోసారి. మూడోసారికి నడుముకి పాత లెక్క గుర్తొచ్చింది. లాగేది చేతులతో కాదు, వెనక్కి వాలే ఒంటితో.

"కిటికీలెక్కడో తెలియాలి. లోపలికెళ్ళి ఒక్కో దాని కింద గరిటెతో కొడుతూ ఉండు" అన్నాను. కిరణ్ లోపలికి పరిగెత్తాడు. అక్కణ్ణించి మా ఇద్దరి సంభాషణ గరిటె మీదే నడిచింది.

"మణీ! గిది మంచం మీది కిటికి!" టకటక. ఆ చప్పుడు వచ్చిన చోట పలక తేలిక చేసి, చుట్టూ తప్పించి లాగేదాన్ని. "గిది బాత్రూంది! జర పైలం!" టకటక.

ఒక పక్క అయ్యాక నిచ్చెన రెండో పక్కకి మార్చారు. కిరణ్ తలుపులోంచి తల బయటపెట్టి, నేను లాగే తీరు కాసేపు చూశాడు.

"గిది యాడ నేర్చుకున్నవ్?"

"ఉప్పు మడిలో."

"మీది వ్యాపారం గదా?"

"వ్యాపారం ఇంకొకళ్ళది. పని మాది" అన్నాను పలక ఆపకుండా.

అతనేమైనా అంటాడేమోనని చూశాను. అతను లోపలికెళ్ళి ఇంకో కిటికీ కింద కొట్టాడు. ఆ చప్పుడు ఇదివరకటి కంటే గట్టిగా ఉంది.

ఏడూ యాభై ఐదుకి ఆఖరి మంచు దిగింది. బండి చుట్టూ నా ఛాతీ ఎత్తు గోడ లేచింది. కప్పు మీద రెండు వేళ్ళ మందం ఐసు మాత్రం అద్దంలా అతుక్కుని ఉంది. దాన్ని గోకితే కిటికీలు పోతాయి, కొడితే కప్పు పోతుంది.

ఇంగ్రిడ్ బొటనవేలెత్తి చూపించి నవ్వింది. "నిన్న చేసిన తప్పే ఇప్పుడు చెయ్యండి. వండండి!"

ఆవిడ చెప్పింది నిజమే. నెత్తిన బరువు లేదు, మధ్యలో ఆపే మంచు లేదు. కింద నుంచి వేడి తగిలితే పలక జారిపోవాల్సిందే. ఆలోయిస్ చక్రాల చుట్టూ తవ్విపెట్టాడు. ఎడమ చక్రాలు చెక్క దిమ్మల మీదకి ఎక్కించి బండిని కుడికి వాల్చాను. హీటరు ఎంత దూరం తిరిగితే అంత దూరం తిప్పాను. కిరణ్ పెద్ద కుక్కరు తీసి బియ్యం, పెసరపప్పు, మిరియాలు, జీలకర్ర వేసి పొయ్యి మీద పెట్టాడు. రెండో పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టాడు. క్యాంపులో ఉన్న ఏడెనిమిది మందీ కాఫీ కప్పులతో, ఒకరికొకరు దూరంగా నిలబడి మా కప్పు వైపే చూస్తున్నారు. మొదటి కూత. రెండో కూత. ఆరో కూతకి పైన ఎక్కడో టప్పుమని చీలిన చప్పుడు.

"పక్కకి!" అని అరిచాడు ఆలోయిస్.

తలుపంత ఐసు పలక అంచు దాటి, ఒక్క క్షణం ఆగి, కిందికి దూకి ముక్కలైంది. వెనకే ఇంకోటి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నిచ్చెన మీంచి లుంగీ పలకతో మిగతావాటిని మెల్లగా కదిపి దించేశాను. తొమ్మిదీ పదికి కప్పు మీద సోలార్ పలక నల్లగా మెరిసింది. చెప్పొద్దూ, నా జీవితంలో ఏ సర్టిఫికెట్టు చేతికొచ్చినప్పుడూ అంత గర్వపడలేదు.

పొంగలి అందరికీ కాగితం గిన్నెల్లో పెట్టాం. ఇంగ్రిడ్ మిరియం కొరికి దగ్గి, ఇంకో గిన్నె అడిగింది. విరిగిన బ్రష్షుకి డబ్బిస్తానంటే తీసుకోలేదు. పలకకి చుట్టిన లుంగీ తీసి దంతె ఆలోయిస్‌కి తిరిగివ్వబోతే, పలక మాత్రం విప్పనివ్వలేదు. "ఇలాగే ఉండనివ్వండి. వచ్చేవాళ్ళకి చూపిస్తాను" అన్నాడు.

తొమ్మిదీ ముప్ఫై ఐదుకి కదిలాం. కొండ దిగుతుంటే ముందు ఉప్పు చల్లే లారీ తగిలింది. ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. గంటకి ముప్ఫై కిలోమీటర్లు మించి పోదు, దాటడానికి దారి లేదు. రాళ్ళుప్పు వచ్చి మా బంపరుకి టపటప కొట్టుకుంటోంది.

"మీ ఊరోళ్ళకు చెప్పు, జర జరగమని" అన్నాడు కిరణ్. అరగంట ఆ లారీ వెనకే నవ్వుతూ పోయాం. ఆ నవ్వు రెగెన్స్‌బర్గ్ దగ్గర ఆగింది. ఏదో యాక్సిడెంటై ట్రాఫిక్ నిలిచిపోయింది. పదకొండూ యాభై. పన్నెండుంపావు. కిరణ్ గడియారం చూడ్డం మానేసి ఫైలు మీద చెయ్యేసి కూర్చున్నాడు. పన్నెండూ నలభైకి దారి తెరుచుకుంది. ఇంటికెళ్ళి బట్టలు మార్చుకునే ఆశ వదిలేసి తిన్నగా ఆఫీసుకే తోలాను. మోకాళ్ళ దాకా తడి ప్యాంటుతో, ఒంటి నిండా మిరియాల వాసనతో కిరణ్ పక్కన కూర్చున్నాడు. ఫైలు ఇంట్లో ఉండి ఉంటే ఈ కథ ఇక్కడితో సరి.

ఒంటిగంట యాభై రెండుకి ఆఫీసు ముందు ఆపాను. ఏడు మీటర్ల బండికి చోటెక్కడుంటుంది, హెచ్చరిక దీపాలు వేసి అడ్డంగా నిలబెట్టేశాను. కిరణ్ దూకి పరిగెత్తాడు. సగం దూరం పోయి వెనక్కి తిరిగాడు. మాస్కు లేదు. కిటికీలోంచి కొత్త మాస్కు ప్యాకెట్టు విసిరాను. పట్టుకున్నాడు. తలుపు దగ్గర టీకా సర్టిఫికెట్టు చూసే గార్డు అతని ప్యాంటు వైపు చూసి ఏదో అడిగాడు, తర్వాత లోపలికి పంపాడు. ఒంటిగంట యాభై ఏడు.

పక్క వీధిలోకి జరిపి కూర్చున్నాను. నలభై నిమిషాలు. వేళ్ళు పొక్కులెక్కాయని అప్పుడు చూసుకున్నాను. రెండూ నలభైకి కిరణ్ బయటికొచ్చాడు. నడక చూస్తేనే తెలిసిపోయింది. కాగితం అద్దానికి ఆనించి పట్టుకున్నాడు, ముద్రతో సహా. స్టీరింగు మీద తల పెట్టుకుని బావురుమన్నాను. సంతోషానికే.

నాలుగింటికి ఫోర్చ్‌హైమ్‌లో బండి అప్పగించాం. మొన్నటి అబ్బాయే నిచ్చెనెక్కి కప్పంతా టార్చి వేసి వెతికాడు. "ఒక్క గీత లేదు. ఎవరితో చేయించారు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

నాలుగూ నలభై లోకల్ రైలెక్కాం. మీలో ఎవరైనా చలికాలం అటు వెళ్తే, తప్పకుండా వెళ్ళండి. పూటపూటా కప్పు దులుపుకోండి. గొట్టం బిగించుకోండి. ఆ అడవిలో పొద్దుటి వెలుగు చూడ్డానికి అంత పని చెయ్యొచ్చు. నేను మళ్ళీ వెళ్తాను.

రైలు కదలగానే కిరణ్ వాళ్ళమ్మకి ఫోను చేశాడు. కార్డు పని అయిందని చెప్పాడు. మంచు సంగతి చెప్పాడు. ఆపుతాడేమోనని చూశాను, ఆపలేదు. "మణి చిన్నప్పుడు ఉప్పు మడిల పనిజేసిందటనే అమ్మా. గా పనే ఇయ్యాల నన్ను బతికిచ్చింది."

అవతల నిశ్శబ్దం.  ఆరేళ్ళుగా నేను భయపడ్డది ఈ నిశ్శబ్దానికే.

"మణికియ్యి ఫోను" అంది అత్తమ్మ. తీసుకున్నాను.

"బిడ్డా, ఉప్పునీళ్ళల్ల కాళ్ళు పగిలేటియా?"

"పగిలేవి అత్తమ్మా."

"నాకు వేళ్ళు పోయినయి. పదహారేండ్లు బీడీలు జేసిన. వీని ఫీజులన్ని గాటిమీదనే కట్టిన. పెండ్లప్పుడు నీకు చెప్పొద్దని వీడే అన్నడు, మీది పెద్ద వ్యాపారమని. పిచ్చోళ్ళు ఇద్దరు దొరికిన్రు!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్ళ నీళ్ళు కారి మాస్కు తడిసేదాకా.

ఫోను పెట్టేసి మా ఆయన వైపు తిరిగాను. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకేమైనా దాచావా?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "లైసెన్సు పరీక్ష రెండుసార్లు గాదు. మూడుసార్లు తప్పిన."

ఎర్లాంగెన్ స్టేషన్ వచ్చింది. లుంగీ మూట అతని చేతికిచ్చి దిగాను. ఫిబ్రవరి ఒకటిన జిండెల్ఫింగెన్‌కి సామానంతా కారులో వేసుకుని నడిపేది కూడా నేనేనన్నమాట.